మెదడు పోయిన ఎలుక

“జీపెక్కాక తీరిగ్గా ఏడుద్దువు గానీ, ముందు నానడిగిందానికి జవాబు సెప్పు తల్లీ. ఆ పెట్టె తాళం నీ దగ్గర కాకుండా ఇంకెవరి దగ్గరున్నాది?”

కృపారాణి చున్నీతో ముక్కు తుడుచుకుంది. “డైరెక్టర్ గారి దగ్గర మేడం.”

“ఇంకా?”

“ఇంకెవరి దగ్గరా లేదు.”

“తాళాలు ఇద్దరి దగ్గరుంటే ఒక్కర్ని జీపెక్కించడమేటి? ఏటి బావా, నువ్వు సెప్పు!”

ఆ బావ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవేంద్ర. అడుగుతున్న దుర్గాభవానికి స్వయానా మేనమామ కొడుకు. భోగాపురం దాటాక రోడ్డు పక్కనున్న ఈ నరాల పరిశోధన కేంద్రం వరండాలో టోపీ చంకలో పెట్టుకుని, మరదలు ఎక్కణ్ణించి ఊడిపడిందా అని చూస్తున్నాడు. ఒకప్పుడు ఈ ఇద్దరికీ పెళ్లి చేద్దామనుకున్నారు పెద్దలు. గళ్లనుడికట్టు పూర్తి చెయ్యకుండానే వెనక పేజీలో జవాబులు చూసేసుకునే మనిషితో తాను కాపరం చెయ్యలేనని దుర్గాభవాని తెగేసి చెప్పింది. ఆ మాట ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు. ఆవిడ మర్చిపోనివ్వలేదు కూడా.

“ఒసే భవానీ, ఇది గేదెల కేసు కాదే. సైన్సు కేసు. ఖాళీ పెట్టె ఈ పిల్ల సొరుగులో దొరికింది. దొంగ దొరికింది. ఇంక నీకేటి పని ఇక్కడ?”

గేదెల మాట ఊరికే అనలేదు. దుర్గాభవాని ఇరవై ఏళ్లు పశువుల ఇన్సూరెన్సులో దర్యాప్తు ఉద్యోగం చేసింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆవిడ చెవి పట్టుకుని చూడని గేదె లేదు. ఇన్సూరెన్సు చేసిన పశువు చెవికి బిళ్ల ఉంటుంది. బిళ్ల లేని గేదె చచ్చినప్పుడు, బతికున్న దాని బిళ్ల పీకి చచ్చినదానికి తగిలించి కళ్లనీళ్లు పెట్టుకునే మహానుభావులు ఊరికి ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. వాళ్లతో వేగి వేగి, ఇంక గేదెల చెవులు చాలు, మనుషుల చెవులు చూద్దామని స్వచ్ఛందంగా రిటైరై, విజయనగరంలో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టింది. ఈ ఉదయం శ్రీకాకుళం నుంచి కృపారాణి తండ్రి జ్ఞానానందం మాస్టారు ఫోన్ చేశారు. ఒకప్పుడు ఆయన గేదె నిజంగానే చచ్చిపోతే, నిజంగానే చచ్చిందని రాసిన ఏకైక ఆఫీసరు ఆవిడే. “మా అమ్మాయి దొంగ కాదమ్మా” అన్నారు మాస్టారు. దుర్గాభవాని స్కూటీ తీసింది.

పోయినవి గాజు స్లైడ్లు. కాగితం కంటే పల్చగా కోసిన ఎలుక మెదడు ముక్కలు వాటి మీద అంటించి ఉంటాయి. శనివారం సాయంత్రం పెట్టెలో ఉన్నాయి, నిన్న సోమవారం పొద్దున్నకి లేవు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది, వచ్చేది ఆ స్లైడ్ల కోసమే. ఆలోగా దొరక్కపోతే కృపారాణి మీద కేసు పెట్టి, పరిశోధన నుంచి తీసేస్తామని డైరెక్టర్ నరసింగరావు ప్రకటించేశారు. వచ్చే నెల థీసిస్ ఇవ్వాల్సిన పిల్ల. మూడేళ్లు పండగా పబ్బం లేకుండా మైక్రోస్కోపుకి కన్ను అంటించుకుని కూర్చున్న పిల్ల. దొంగతనం మచ్చ పడితే ఆ మూడేళ్లూ చెత్తబుట్టలోకే.

“పని ఉన్నాదో నేదో నాను సూసుకుంటాను గానీ, నీ జీపుని కాసేపు నీడలో పెట్టించు,” అని దుర్గాభవాని డైరెక్టరు గదిలోకి నడిచింది. విధిలేక దేవేంద్ర వెనకే వెళ్లాడు, ఆయన వెనక కృపారాణి.

నరసింగరావు గదిలో గోడ మీద పేపరు కటింగు పటం కట్టి ఉంది. ‘మన ఎలుక, మన ఘనత’ అని పెద్ద అక్షరాలు. కింద శాలువా కప్పుకున్న నరసింగరావు ఫొటో. అటెండరు తెచ్చిన సోడా దుర్గాభవాని ఒక గుక్క తాగి పక్కన పెట్టేసింది. స్నానానికి తోడుకున్న నీళ్లంత వెచ్చగా ఉంది. గది మూలన చిన్న ఫ్రిజ్ బుయ్యిమంటూనే ఉంది.

“మేడం, ఇది దేశానికే నష్టం!” అన్నారు నరసింగరావు, బల్ల గుద్ది. “ప్రపంచంలో ఏ ఎలుకకైనా స్పర్శ గదిలో ఆపే కణాలు ఉండవు. ఏ పుస్తకం తిరగేసినా అదే మాట. మన ఎలుకకి ఉన్నాయి! గది నిండా ఉన్నాయి!”

“మన ఎలక అంటే?”

“ఉత్తరాంధ్ర ఎలుక.”

దేవేంద్ర గర్వంగా మీసం సవరించుకున్నాడు.

“వీటిని హైదరాబాదు నుంచే కదా సార్ తెచ్చాం?” అంది కృపారాణి నెమ్మదిగా.

“వాటి తాతలు హైదరాబాదు! ఇవి ఇక్కడే పుట్టి, ఇక్కడి నీళ్లు తాగి, ఇక్కడి చోళ్లు తిన్నాయి. ఆ మాత్రం తెలివి రాదా?”

దుర్గాభవాని చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. “ఆపే కణాలేటి తల్లీ? గేదె తలకాయకి బయట కొమ్ములుంటాయని తెలుసు గానీ, లోపలేటుంటాదో నాకు తెల్దు. నాకు తెలిసే మాటల్లో సెప్పు.”

కృపారాణి ఏడుపు మర్చిపోయింది. ఆ పిల్లకి ఇష్టమైన సంగతి అది. “మెదడు మధ్యలో థలామస్ అని ఒకటుంటుంది మేడం. జంక్షన్ స్టేషన్ అనుకోండి. కంటి నుంచి, ఒంటి నుంచి, మీసాల నుంచి ఏ కబురొచ్చినా అక్కడ ఆగే పైమెదడుకి వెళ్లాలి. ఒక్కో కబురుకి ఒక్కో గది. గదిలో కబురు మోసే కణాలు కొన్ని. ‘ఇది అక్కర్లేదు, ఆగు’ అని అడ్డుపడేవి ఇంకొన్ని. అవే ఆపే కణాలు. అవి లేకపోతే ఒంటి మీద చొక్కా ఉన్న సంగతి దగ్గర్నుంచి ప్రతిదీ తలకెక్కి కూర్చుంటుంది.”

“గేటుమేన్లన్నమాట.”

“అవును. అయితే ఎలుక సంగతి విచిత్రంగా ఉంటుంది. దాని కంటి గదిలో సొంత గేటుమేన్లు బాగానే ఉంటారు. మీసాల గదిలో, అంటే స్పర్శ గదిలో, ఒకరూ అరా తప్ప ఉండరు. థలామస్ చుట్టూ ప్రహరీలా ఒక పల్చటి పొర ఉంటుంది, అడ్డుపడే పనంతా ఆ ప్రహరీలో ఉన్నవాళ్లే చేస్తారు. పిల్లికీ కోతికీ అలా కాదు, ప్రతి గదిలోనూ సొంతవాళ్లుంటారు. జంతువుని బట్టి మారుతుంది.”

“మరి సారు గారి స్లైడ్లలో?”

“ఆపే కణాలు మాత్రమే పచ్చగా వెలిగేలా మందు పూస్తాం మేడం. సార్ స్లైడ్లలో మీసాల గది నిండా పచ్చగా వెలిగాయి. నాకు నమ్మబుద్ధి కాలేదు. ముక్క సైజు తేడాగా ఉందేమోనని నా స్లైడ్లతో కొలిచి చూశాను, సరిగ్గా సరిపోయింది. అందుకని ఎలుకే అనుకున్నాను. అయినా మనసొప్పక, కమిటీ వాళ్లు ఫొటోలు కాదు, స్లైడ్లే చూడాలని అందరి ముందూ అన్నాను. ఇదిగో, ఇలా అయింది.”

“నువ్వు సూసేది ఏ గది?”

“కంటి గది మేడం. మూడేళ్లుగా అదొక్కటే.”

“అసూయ!” అన్నారు నరసింగరావు. “నా ఆవిష్కరణ మీద అసూయతో స్లైడ్లు మాయం చేసింది. పోనీలెండి. నా దగ్గర ఫొటోలున్నాయి. కమిటీకి ఫొటోలు చాలు.”

దుర్గాభవాని చెవులు అక్కడే నిక్కబొడుచుకున్నాయి. ఇరవై ఏళ్లలో ఆవిడ నేర్చుకున్న పాఠం ఒకటే. నిజంగా గేదె చచ్చినవాడు ఫొటో చూపించడు. చెయ్యి పట్టుకుని దొడ్లోకి లాక్కెళ్లి, చూడు తల్లీ చూడు అని కళేబరం మీద పడి ఏడుస్తాడు. కళేబరాన్ని కుక్కలు పీక్కుపోయాయండీ, ఫొటో మాత్రం ఉందండీ అనేవాడి గేదె పక్క ఊళ్లో మేస్తూ ఉంటుంది. వస్తువు పోయినా ఇంత త్వరగా ‘పోనీలెండి’ అన్న మనిషిని ఆవిడ మొదటిసారి చూస్తోంది.

“ఆ ఫొటోలు ఓసారి ఇలాగియ్యండి బాబూ.”

ఫొటోలో నల్లటి నేల మీద పచ్చటి చుక్కలు. నిజంగానే ముచ్చటగా ఉన్నాయి. మూలన ఉన్న చీటీ మీద తేదీ, జంతువు గుర్తు రాసి ఉన్నాయి: మగ ఎలుక, ఎడమ చెవికి రెండు గాట్లు, కుడి చెవికి ఒకటి.

“చెవి గాట్లా!” అంది దుర్గాభవాని, పుట్టింటివాళ్లు కనపడ్డట్టు మొహం విప్పార్చుకుని. “ఏ ఎలకకా గుర్తేనా?”

“ఒకదాని గుర్తు ఇంకోదానికి ఉండదు,” అన్నారు నరసింగరావు.

“అయితే నాను మీ ఎలకల్ని సూడాల.”

దేవేంద్ర నెత్తి కొట్టుకున్నాడు. “ఆ ఎలక సచ్చి మెదడు స్లైడ్ల మీదకెక్కింది. పోయినవి స్లైడ్లు. మిగతా ఎలకల్ని సూస్తే ఏటొస్తాది? పిండాకూడు పెడతావేటి?”

“బావా, పందెం. గంటలో ఈ కేసు తేల్చకపోతే నా బోర్డు నానే పీకి నీ స్టేషన్లో అప్పగిస్తాను. తేలిస్తే నీ కానిస్టేబుళ్ల ముందు నన్ను ‘డిటెక్టివ్ గారూ’ అని పిలవాల. గారు మింగేయకూడదు.”

“ఒప్పుకున్నాను పో. ఆ బోర్డు సెక్క మంచిది, మా ఆవిడ పీట సేయించుకుంటాది.”

* * *

జంతుశాల ఆవరణ చివర ఉంది. దాని బాధ్యత లక్ష్మీనరసమ్మది. యాభై దాటిన మనిషి, నుదుట కాసంత బొట్టు. ఎలుకలకి మేత పెట్టడం దగ్గర్నుంచి మెదడు తీసి, లోపలి ముక్క చెక్కి, పల్చగా కోసి ఇవ్వడం దాకా అన్నీ ఆవిడ చేతి మీదే జరుగుతాయి. చదువుకున్నవాళ్లందరూ ఆ ముక్క చేతికొచ్చాకే మైక్రోస్కోపు ముందు కూర్చుంటారు. రక్తం చూస్తే నరసింగరావు గారికి కళ్లు తిరుగుతాయి, అందుకని ఆయన ఈ గడప తొక్కరు.

లోపల ఒక వరసలో తెల్ల ఎలుకలు. బోన్లలో పడి దొర్లుతున్నాయి గానీ నడవడం లేదు, అంత బలిసి ఉన్నాయి. ఎదుటి వరసలో గోధుమరంగు, నలుపు మచ్చల గినీపందులు, చెవులు మడుచుకుని బెదురుగా చూస్తున్నాయి.

“ఇయ్యెవరివి?” అంది దుర్గాభవాని గినీపందుల్ని చూపించి.

“ఎనకటికి సెవుడు మీద ఎవరో పరిశోధన సేసేరమ్మా. ఆలెల్లిపోనారు, ఇవుండిపోనాయి,” అంది లక్ష్మీనరసమ్మ. గొంతు అతి మామూలుగా ఉంది. చేతులు మాత్రం చీర చెంగుని మెలిపెడుతున్నాయి.

“ఎలకలు పుష్టిగా ఉన్నాయే. ఏటి పెడతన్నావు?”

“మామూలు మేతేనమ్మా.”

బోనులో ఒక మూల నలిగిన బెల్లం తునక కనిపించింది.  దుర్గాభవాని కళ్లజోడు పెట్టుకుని, చీర కుచ్చెళ్లు దోపుకుని, మొదటి బోను తలుపు తీసింది. ఎలుకని మెడ దగ్గర ఒడుపుగా పట్టుకుని చెవులు చూసింది, దించింది. రెండోది. మూడోది.

“ఎలకల చెవులు సూడ్డానికా పెట్రోలు కాల్సుకుని వచ్చేవు?” అన్నాడు దేవేంద్ర గుమ్మంలోంచి. లోపలికి రాలేదు. సర్కిల్ ఇన్‌స్పెక్టరుకి ఎలుకలంటే భయమని మరదలికి ఒక్కదానికే తెలుసు.

“లోపలికి రా బావా, దగ్గర్నుంచి సూద్దువు గానీ.”

“నాకిక్కడ గాలి బాగున్నాది.”

లక్ష్మీనరసమ్మ చివరి బోనుకి అడ్డంగా వెళ్లి నిలబడింది. “ఇది పిచ్చిదమ్మా. కరుస్తాది.”

“నాకు కొమ్ములతో పొడిసినవే అలవాటు, తప్పుకో.”

ఆ బోనులో ఒకటే ఎలుక ఉంది. అన్నిటికంటే లావుగా, మెత్తటి బట్ట మీద పడుకుని, కళ్లు సగం మూసి బెల్లం చప్పరిస్తోంది. దుర్గాభవాని దాన్ని చేతిలోకి తీసుకుని ఎడమ చెవి విప్పి చూసింది. రెండు గాట్లు. కుడి చెవి విప్పింది. ఒకటి. తోక ఎత్తి చూసింది. మగది. ఎన్నో ఏళ్ల తరవాత దొంగ బిళ్ల దొరికినంత సంతోషం ఆవిడకి.

“బావా! డైరెక్టరు గారిని, ఆ పిల్లని తీసుకురా. పరిగెట్టు!”

అందరూ వచ్చారు. దుర్గాభవాని ఎలుకని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

“సూడండి. ఎడమకి రెండు, కుడికి ఒకటి. మీ కాయితాల ప్రకారం ఈయన భాద్రపదంలోనే స్వర్గస్థులయ్యేరు. మెదడు కూడా తీసేసేరు. దానికి మందు పూసేరు, ఫొటో తీసేరు, శాలువా కూడా కప్పించుకున్నారు. ఈ పిచ్చి ముండాకొడుకేమో మెదడు నేకుండానే బెల్లం తింటన్నాడు!”

 దేవేంద్ర భయం మర్చిపోయి గడప దాటి లోపలికొచ్చాడు.

“అంటే ఆ స్లైడ్లు…?” అంది కృపారాణి.

“ఎలకవి కావు. కృపమ్మా, గినీపందికి మీసాల గదిలో గేటుమేన్లు ఉంటారా?”

కృపారాణి ఎదుటి వరస బోన్ల వైపు చూసింది. “ఉంటారు,” అంది. “గినీపందికి ఉంటారు.”

లక్ష్మీనరసమ్మ నేల మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని గొల్లుమంది.

“సవితి నవరాత్రులమ్మా! బొజ్జగణపయ్యకి ఉండ్రాళ్లు పెట్టి, అదే సేత్తో ఆయన బండిని కోసీమంటే ఎలగమ్మా! ఆయన ఊరేగింపుకి దేనిమీదెల్తాడు? డైరెక్టరు బాబుకి మెదడు అర్జెంటుగా కావాలన్నారు. సేతులాడ్నేదు. ఈ పక్కన సూస్తే ఇవి కనబడ్డాయి. గినీపందిది ఎలక మెదడు కంటే పెద్దదని పిల్లదాన్ని సూసి తీసేను, లోపలి ముక్క ఒక్కటే సెక్కి ఇచ్చేను. ఎలకని దాసేసేను. ఇంత గొడవవుద్దని నాకేటి తెల్సు!”

“గినీపందికి మాత్రం దేవుడు లేడేటి?” అన్నాడు దేవేంద్ర. పోలీసు బుర్ర ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం. “పంది కదా. సింహాద్రి అప్పన్న వరాహస్వామి కాడేటి? నీ పేరే లక్ష్మీనరసమ్మ!”

లక్ష్మీనరసమ్మ ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆ కోణం ఆవిడకి ఇంతవరకూ తట్టలేదు. “పేరుకే పంది బాబూ,” అంది చివరికి, బోన్ల వైపు భయంగా చూస్తూ. “మొకం సూస్తే కుందేలు.”

“సరే, ఎలక కత తేలింది. స్లైడ్లు నువ్వే తీసేవా?” అంది దుర్గాభవాని.

“మా గణపయ్య మీద ఒట్టమ్మా, నాను ముట్టుకోనేదు.”

దేవేంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. “అదీ సంగతి. ఎలక దొరికింది గానీ దొంగ దొరకనేదు. దొంగ ఈ పిల్లే. బోర్డు పీకుతావేటి?”

“ఉండు. కృపమ్మా, ఆ పచ్చ రంగు ఎండలో పెడితే ఏటవుతాది?”

“వెలిసిపోతుంది మేడం. చీకట్లో, చల్లగా ఉండాలి. ఫ్రిజ్‌లోనే పెడతాం.”

“ఇన్నావా బావా? అసూయతో తీసిన మనిషైతే ఏటి సేస్తాది? రాయెట్టి పగలగొట్టి సముద్రంలో పారేస్తాది, సముద్రం ఇక్కడికి రెండు కేకల దూరం. కనపడకుండా ఉంటే సాలు, నాశనం కాకూడదు అనుకున్న మనిషి ఫ్రిజ్‌లో దాస్తాడు. నువ్వు ల్యాబులో ఫ్రిజ్‌లన్నీ ఎతికేవు కదా?”

“అన్నీ ఎతికేను.”

“మనకి ఏడినీళ్లలాంటి సోడా ఇచ్చిన గదిలో ఫ్రిజ్ ఎతికేవా?”

 నరసింగరావు, “అందులో నా ఇన్సులిన్ ఉంది,” అన్నారు, ఎవరూ ఏమీ అడక్కుండానే.

అందరూ ఒకరి వెనక ఒకరు మళ్లీ డైరెక్టరు గదికి వెళ్లారు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ లేదు. సోడాలూ లేవు. మామిడితాండ్ర పెట్టె ఒకటి ఉంది. మూత తీస్తే తాండ్ర లేదు, నల్లకాగితం చుట్టలున్నాయి. దేవేంద్ర ఒకటి విప్పాడు. గాజు మెరిసింది.

నరసింగరావు కుర్చీలో కూలబడ్డారు. మనిషి ఒక్కసారిగా చిన్నవాడైపోయినట్టున్నాడు. “శనివారం పాత పుస్తకాలు తిరగేశాను మేడం. గినీపంది బొమ్మ కనిపించింది. అచ్చం నా స్లైడు. అప్పటికే పేపర్లో పడిపోయింది. ఊళ్లో నాలుగు సంఘాలవాళ్లు శాలువాలు కప్పేశారు. కప్పిన శాలువా ఎలా తిరిగివ్వాలో నాకు తెలీలేదు. స్లైడ్లు పోయాయంటే ఫొటోలు మిగుల్తాయి, ఎవరూ తరచి చూడరు అనుకున్నాను. పగలగొట్టేద్దామని కూడా అనుకున్నాను. చేతులు రాలేదు. అంత అందంగా వెలిగాయి.”

“నా సొరుగులో ఖాళీ పెట్టె పెట్టడానికి చేతులొచ్చాయి కదా సార్?”

అది కృపారాణి. ఆ పిల్ల గొంతు అంత గట్టిగా లేవడం ఆ కేంద్రంలో అంతకుముందు ఎవరూ వినలేదు. “మా నాన్న రాత్రంతా నిద్రపోలేదు. ఆదివారం గుడిలో నా చదువు కోసం ప్రార్థన చేసిన మనుషుల మొహం నేనెలా చూడాలి అనుకున్నాను. మీకు శాలువా బెంగ! నాకు జైలు బెంగ సార్!”

 దేవేంద్ర చంకలోని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “తప్పయిపోయింది తల్లీ. తొందరపడ్డాను,” అన్నాడు నిజంగా సిగ్గుపడి. తరవాత కిటికీలోంచి జీపు దగ్గరున్న కానిస్టేబుళ్లని కేకేశాడు. “ఒరే, ఈ పిల్లని కాదు, డైరెక్టరు గారిని కూకోబెట్టాల. డిటెక్టివ్… డిటెక్టివ్ గారు సెప్పేరు.”

“గారు సరిగ్గా ఇనపడ్నేదు.”

“గారు!” అన్నాడు దేవేంద్ర, గోడ అదిరేలా.

కృపారాణి ఏడుస్తూనే నవ్వింది. తండ్రికి ఫోన్ చేసింది. “నాన్నా, అయిపోయింది, నేను కాదని తేలిపోయింది,” అంది. అవతల మాస్టారు ఏమన్నారో గానీ ఆ పిల్ల చెంపలు మళ్లీ తడిశాయి. దుర్గాభవాని కడుపు నిండింది. ఇంక లేచి వెళ్లిపోవచ్చు. కానీ ఇన్సూరెన్సు దర్యాప్తులో చివర ఒక ప్రశ్న తప్పకుండా అడిగి తీరాలి, అది అడక్కుండా ఆవిడ ఏ కేసూ మూయలేదు. ఎప్పటినుంచి?

“నరసమ్మా, మార్చింది ఈ సవితికి ఒక్కసారే కదా?”

గుమ్మం పక్కన నక్కి నిలబడ్డ లక్ష్మీనరసమ్మ నేల చూపులు చూసింది.

“సెప్పు. ఎవరూ కొట్టరు.”

“ఈ సవితి కాదమ్మా మొదలు,” అంది లక్ష్మీనరసమ్మ. “ఈ పాప సేరిన ఏడు సవితి.”

ఫోన్ పట్టుకున్న కృపారాణి చెయ్యి మెల్లిగా కిందికి దిగింది.

“ఆ సవితికి మొక్కుకున్నాను, తొమ్మిది రోజులు ఎలకని ముట్టనని. తొమ్మిది రోజులూ గినీపందులే ఇచ్చేను. ఎవరూ ఏటీ అన్నేదు. పదో రోజు ఎలకని పట్టుకుంటే అది నా మొకంలోకి సూసింది. మరి సెయ్యి రానేదమ్మా. అప్పట్నించి ఒక్కదాన్నీ సంపనేదు. బోన్లు సాలనప్పుడు గోడవతల పొలాల్లో ఒగ్గేసేను.”

“ఓర్నాయనో!” అన్నాడు దేవేంద్ర. “పక్క ఊరోళ్లు తెల్లెలకలు దిగేయి, సాక్షాత్తూ స్వామి పంపించేడు, గుడి కడతాం పర్మిషనియ్యమని స్టేషనుకొచ్చి కూకున్నారు! నాను తాగొచ్చేరని తిట్టి పంపేసేను!”

ఎవరూ నవ్వలేదు. దుర్గాభవాని కృపారాణినే చూస్తోంది. ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి, లెక్క కట్టుకుంటున్నట్టు. కంటి గదిలో ఎలుకకీ గేటుమేన్లుంటారు, గినీపందికీ ఉంటారు. అందుకే మూడేళ్లలో ఏనాడూ అనుమానం రాలేదు, ఇక ముందు రాబోదు కూడా. ‘ఎలుక కంటి గదిలో ఆపే కణాలు’ అని పేరు పెట్టిన థీసిస్‌లో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క ఎలుక కూడా లేదు. దొంగతనం మచ్చ పడితే పోయేవి మూడేళ్లు. ఇప్పుడు ఏ మచ్చా లేకుండానే ఆ మూడేళ్లూ పోయాయి.

“నరసమ్మత్తా,” అంది కృపారాణి, చాలా నెమ్మదిగా. “ఒక్కటి కూడానా?”

“ఒక్కటి కూడా నేదు పాపా. నిన్ను సూస్తే నా కడుపు తరుక్కుపోతన్నాది.”

అప్పుడే కార్లు వచ్చి ఆగాయి. ఢిల్లీ నుంచి కమిటీ దిగింది. ముందు నడుస్తున్న పెద్దాయన తెల్లజుట్టు మనిషి, తెలుగువాడే. లోపలికి వస్తూనే గదిలో పోలీసుల్ని, మామిడితాండ్ర పెట్టెని, తల దించుకున్న డైరెక్టర్నీ చూసి అంతా అర్థమైనట్టు తలాడించారు.

“ఈయన ఫొటోలు చూసినప్పుడే మాకు అనుమానం వచ్చింది. ఇక్కడ నమ్మదగిన పని ఒక్క అమ్మాయిదే ఉందని అనుకున్నాం. కంటి గది మీద. కృపారాణి ఎవరు? ముందు నీ స్లైడ్లు చూస్తాం. అవి సరిగ్గా ఉంటే ఈ కేంద్రాన్ని మూయక్కర్లేదు, నీ డిగ్రీకి నేనే సంతకం పెడతాను.”

 దేవేంద్ర పైకప్పు చూశాడు. ఇరవై ఏళ్లలో ఒక్క దొంగ క్లెయిము కూడా పాస్ చెయ్యని దుర్గాభవాని జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది. ఈ పిల్ల ఏం చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పమని గానీ, చెప్పొద్దని గానీ అనడానికి ఆవిడకి మనసు రాలేదు.

కృపారాణి లోపలికి వెళ్లి తన స్లైడ్ల పెట్టె తెచ్చింది. రెండు చేతులా పట్టుకుని పెద్దాయన ముందు పెట్టింది.

“చూడండి సార్. ప్రతి కణమూ నేనే లెక్కపెట్టాను, ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు,” అంది.  “కానీ ఇవేవీ ఎలుకవి కావు.”